ప్రాణసంకటము లేని చెలగాటము

మక్కజొన్న కోతల కాలములో చొప్పదండి ప్రాంతపు పల్లెలలో అనేక ఇండ్ల వాకిళ్లలో పసుపుపచ్చని కంకుల రాశి కనిపిస్తుంది. పంటను యంత్రములు నూర్చిపెట్టే రోజులు వచ్చినా, ఇంటి గట్కకు, కోళ్లకు కావలసిన నాలుగు కంకులను ముసలివారు ఇంకను చేతితోనే ఒలుస్తారు. గింజలు చాటలో పడతాయి, బెండు పక్కకు దొర్లుతుంది. అది నేలను తాకీ తాకకముందే గడప చాటున పొంచి ఉన్న పిల్లికూన ఒకటి దాని మీదికి దుముకుతుంది. ముందరి కాళ్లతో కౌగిలించుకొని, వెనుక కాళ్లతో తన్ని, వదలి, బెండు కదలనందుకు అలిగినట్లు రెండడుగులు వెనుకకు పోయి, మరల పంజాతో ఒక్క దెబ్బ వేస్తుంది. ఒలిచే అవ్వ కసురుకుంటుంది గాని బెండును లాగుకొనదు.

ఆ బెండును ఎవరూ బొమ్మగా చేయలేదు. అయినా పిల్లి ఆటవస్తువుకు ఉండవలసిన గుణములు దానిలో దాదాపు అన్నీ ఉన్నాయి. అది ఎలుకంత ప్రమాణములో ఉన్నది, తేలికగా ఉన్నది. ఒక కొస లావు, ఒక కొస సన్నము గనుక తిన్నగా దొర్లక వంకరగా దొర్లుతుంది. ఎటు పోతుందో ముందుగా తెలియదు. గరుకుగా ఉండడము వలన గోటికి, పంటికి పట్టు దొరుకుతుంది. అన్నిటికన్న మించి, దానికి దారము లేదు. ఈ చివరి గుణము ఎంత గొప్పదో పిల్లిని పశువైద్యశాలకు మోసుకొనిపోయిన వారికి తెలుసు.

"పిల్లికి చెలగాటము, ఎలుకకు ప్రాణసంకటము" అన్న సామెతను తెలుగు ఉపాధ్యాయుడు ఏటేటా పిల్లలకు చెబుతాడు. బలవంతుని వినోదము బలహీనునికి చావు అని తాత్పర్యము చెప్పి ముందుకు పోవడము వాడుక. తాత్పర్యము సరి అయినదే. కాని సామెతలోని మొదటి సగమును అక్షరార్థములో పట్టి చూచినవారు తక్కువ. పట్టిన ఎలుకను పిల్లి వెంటనే చంపక ఎందుకు ఆడుతుంది? క్రూరత్వము వలన అని లోకము ఎప్పుడో తీర్పు చెప్పింది. జంతువుల నడతను పరిశీలించిన శాస్త్రజ్ఞులు వేరు మాట చెబుతున్నారు. ఎలుకకు కూడ పళ్లు ఉన్నాయి; మూలకు తరిమిన ఎలుక మూతి మీద గట్టిగా కరవగలదు. పిల్లి తన చంపే కాటును ఎలుక మెడ మీద వేయవలె. అనగా తన కన్నులను, ముక్కును ఆ పళ్లకు చేరువ చేయవలె. అందువలన ఎలుక పెద్దది అయినప్పుడు, తనకు ఆకలి అంతగా లేనప్పుడు, పంజాతో కొట్టి, వదలి, మరల కొట్టి దానిని అలసిపోనిస్తుంది. చెలగాటములో సగము జాగ్రత్తయే.

మిగిలిన సగము చదువు. తల్లిపిల్లి కూనలకు మొదట చచ్చిన ఎలుకను, పిమ్మట కొన ఊపిరితో ఉన్నదానిని తెచ్చి ముందర వేస్తుంది. నాలుగవ వారము నుండే కూనలు ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. ఏడెనిమిది వారములు వచ్చేసరికి కదలే ప్రతి వస్తువు మీదికి దూకుతాయి. పొంచడము, దూరము కొలుచుకొనడము, దూకడము, పట్టడము, కొరకడము అనే ఈ వరుస దాని దేహములోనే ఉన్నది. ఆట దానికి పదును పెడుతుంది. పెద్దదైన పిమ్మట కూడ పిల్లి ఈ అభ్యాసమును మానదు. మనుష్యుడు ఆట అని పిలిచేది పిల్లి లెక్కలో వేటయే.

అమరకోశమును వల్లించినవారికి పిల్లి పేర్లు తెలుసు: ఓతువు, బిడాలము, మార్జారము, వృషదంశకము, ఆఖుభుక్కు. చివరి మాటకు ఎలుకలను తినునది అని అర్థము. పిల్లి మనుష్యుని ఇంటిలోనికి వచ్చిన దారిని ఆ ఒక్క పేరే చెబుతుంది. సైప్రస్ ద్వీపములో షిల్లూరోకాంబోస్ అనే చోట సుమారు 9,500 సంవత్సరముల నాటి సమాధి ఒకటి త్రవ్వకములలో బయటపడింది. మనిషి అస్థిపంజరమునకు 40 సెంటీమీటర్ల దూరములో, సుమారు ఎనిమిది నెలల వయస్సు గల పిల్లి అస్థిపంజరము ఉన్నది. ఫ్రెంచి పరిశోధకులు ఈ సంగతిని 2004లో ప్రకటించారు. నేటి పెంపుడు పిల్లులు పశ్చిమాసియా అడవిపిల్లి సంతతి అని 2007లో వెలువడిన జన్యు పరిశీలన తేల్చింది. వ్యవసాయము ధాన్యమును కూడబెట్టింది. ధాన్యము ఎలుకను పిలిచింది. ఎలుక వెంట పిల్లి వచ్చింది. కుక్కకు వలె దానికి ఎవరూ పని నేర్పలేదు. తన పనిని తానే వెదకుకొన్నది.

చొప్పదండి కరీంనగరమునకు ఉత్తరమున ఉన్న వ్యవసాయపు ఊరు. శ్రీరామసాగరము నుండి కాకతీయ కాలువ వచ్చిన పిమ్మట ఈ భాగములో వరి పెరిగింది. మక్క, పత్తి సరేసరి. పాత పెంకుటిండ్లలో వడ్లకు వెదురు గుమ్మి ఉండేది, ఉన్నవారికి గరిసె ఉండేది. గుమ్మి ఉన్న ఇంట పిల్లి ఉండేది. దానికి పెట్టే కూడు కొద్దిపాటిది, పని మాత్రము రాత్రంతా. ఇప్పుడు వడ్లు కల్లము నుండే కొనుగోలు కేంద్రమునకు పోతున్నాయి. ఇంటికి సిమెంటు కప్పు, కిటికీలకు జాలీ వచ్చాయి. గుమ్మి పోయింది, పిల్లి మిగిలింది. దాని గిన్నె నిండుతున్నది గాని దానికి పని లేదు. పని లేని పిల్లి ఏమి చేస్తుందో పెంచినవారు చెప్పగలరు: పరుపు చింపుతుంది, నడిచేవారి మడమలను పట్టుకొంటుంది, లేదా తిని పడుకొని లావెక్కుతుంది. దానికి పొగరు పట్టిందని కొడతారు. కొందరు విసిగి సంచిలో వేసి ఊరి బయట వదలివస్తారు. కాగితపు ఉండతో తీరగల కొరతకు ఇది చాలా పెద్ద శిక్ష.

కొరత తీరక బయట తిరిగే పిల్లి మరొక రకపు నష్టము చేస్తుంది. ఎలుకలు దొరకని చోట పిచ్చుకలు, తొండలు, ఉడుత పిల్లలు దాని పాలబడతాయి. ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ విషయమును కొన్ని వందల పెంపుడు పిల్లుల మీద పరీక్షించి 2021లో ఫలితములు ప్రకటించారు. దినమునకు 5 మొదలు 10 నిమిషములు యజమాని పిల్లితో వేట వంటి ఆట ఆడిన ఇండ్లలో, పిల్లి ఇంటికి తెచ్చే చచ్చిన జీవుల సంఖ్య 25 శాతము తగ్గింది. మాంసము ఎక్కువగా గల ఆహారము పెట్టిన ఇండ్లలో 36 శాతము తగ్గింది. మెడలో గంట కట్టిన పిల్లులలో మాత్రము చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టవలె అని ఎలుకలు అంత కాలముగా తర్జనభర్జన పడిన ఆ గంట, కట్టినా పనికిరాదని తేలింది!

ఇంక బొమ్మ చేయడమును గురించి. పిల్లికి బొమ్మ చేసేవాడు తన కంటికి నచ్చేది కాక దాని కంటికి కనిపించేది చేయవలె. ఎర్రని ఊలుతో ముద్దుగా చేసిన పూలబంతిని తెచ్చి పెడితే పిల్లి వాసన చూచి తోక తిప్పుకొని పోయిన సందర్భములు అనేకము. పిల్లి కంటికి ఎరుపు అంతగా ఆనదు. నీలము, పసుపు కొంత మేలు. రంగుకన్న దానికి కదలిక ముఖ్యము. మసక వెలుతురులో చిన్న కదలికను పట్టుటకు ఏర్పడిన కన్ను అది. మూతికి జానెడు దూరములో కదలక ఉన్న వస్తువును అది సరిగా చూడలేదు, అక్కడ మీసములే దానికి చూపు. చెవి సంగతి మరీ వింత. మనిషి చెవి సెకండుకు 20,000 కంపనముల వద్ద ఆగిపోతుంది. పిల్లి చెవి 60,000 దాటి పోతుంది. మనకు వినరాని ఎలుక కిచకిచలు దానికి వినవస్తాయి. అందువలననే ఎండిన మక్క ఆకు గలగలమంటే గాఢనిద్రలో ఉన్న పిల్లి కూడ ఒక చెవి తిప్పుతుంది.

ఇంతమాత్రము తెలిస్తే ఇంటిలోని వస్తువులు వాటంతట అవే కంటబడతాయి. రాసి విడిచిన నోటుపుస్తకపు కాగితమును గట్టిగా నలిపి నిమ్మకాయంత ఉండ చేసి నేల మీద విసిరితే చాలు. గలగల, తేలిక, వంకర నడక మూడును అందులో ఉన్నాయి. అది చిరిగితే మరొకటి. మక్కబెండును రెండు దినములు ఎండబెట్టి, గింజ ఒక్కటి కూడ లేకుండ చూచి, పొడవైనదైతే సగమునకు విరిచి ఇవ్వవచ్చు. పిల్లి దానిని ముక్కలుగా కొరికి మింగబోతే తీసివేయవలె. కంకి మీది ఎండుటాకులను నాలుగింటిని చుట్టి, వాటి కొసలనే లోపలికి మడచి చెక్కితే చిన్న గలగలల పొట్లము అవుతుంది. బతుకమ్మ నాడు మిగిలిన గునుగు పూలు, రంగులో ముంచనివి, ఒకటి రెండు ఎండబెట్టి దాచితే కూనలకు వాటి కుచ్చు చాలా ఇష్టము.

కొంచెము ఓపిక ఉన్నవారు గుడ్డ ఎలుకను కుట్టవచ్చు. పాత నూలు బట్టను అరచేతి వెడల్పున కత్తిరించి, మూడు వైపుల కుట్టి, తిరగవేసి, పత్తి కూరి, నాలుగవ వైపు దగ్గరదగ్గర కుట్లతో మూసివేయవలె. ముడి వేసిన దారపు కొసను గుడ్డలోనికి పోనిచ్చి మొదలంట కత్తిరించవలె. కన్నులకు గుండీలు, పూసలు పెట్టరాదు. పిల్లి మొదట పీకేది వాటినే. తోక పెట్టకపోయినా లోటు లేదు. పత్తి మధ్య చింతగింజలు నాలుగైదు మరొక చిన్న గుడ్డలో మూటకట్టి పెడితే సన్నని చప్పుడు వస్తుంది. చప్పుడు సన్ననిదే కావలె. రేకు డబ్బాలో రాళ్లు పోసి ఆడించిన ఇంట కూన మంచము క్రింద దూరి మరునాటి దాక బయటికి రాదు. వేడిపాలకు మూతి కాలిన పిల్లి పాల గిన్నెను చూచి పారిపోయినదని తెనాలి రామకృష్ణుని కథలో నవ్వుకొంటాము గాని, పిల్లి జ్ఞాపకము నిజముగా అట్టిదే.

అట్టపెట్టె ఒకటి ఉంటే అది బొమ్మలలో రాజు. ఖాళీ పెట్టెలో దూరడమే పిల్లికి సగము పండుగ. పక్కలలో పంజా పట్టేటంత రంధ్రములు కోసి, లోపల కాగితపు ఉండలు వేస్తే గంటసేపు బయటినుండి చేయి పెట్టి వెదకుతుంది. పెట్టెకు అంటించిన ప్లాస్టిక్ టేపును, ఇనుప పిన్నులను ముందుగా పీకివేయడము మరువరాదు. ఎండుచేప తునకలు అందులో దాచేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవలె: ఎక్సెటర్ పరీక్షలో, తిండిని ఇట్లు దాచిపెట్టి వెదకించిన పిల్లులు తక్కువకు బదులు 33 శాతము ఎక్కువ వేట తెచ్చాయి. తిండి తీయడము చేతకాక ఆకలితో ఉండడము దానికి కారణము కావచ్చునని ఆ పరిశోధకులు భావించారు. కనుక గిన్నెలో పెట్టేది పెట్టి, పెట్టెలో దాచేది ఆటగానే దాచవలె.

పాశ్చాత్య దేశములలో క్యాట్‌నిప్ అనే మొక్క ఆకును ఎండించి బొమ్మలలో కూరుతారు. దానిని ఇక్కడికి తెప్పించనక్కరలేదు. దొడ్డిలో, గోడ పక్కన, వర్షములు పడగానే మొలిచే కుప్పింటాకు మొక్కను చాలామంది ఎరుగుదురు. దాని వేరు వాసనకు పిల్లి మత్తెక్కినట్లు పొర్లుతుంది. అప్పుడే పీకి కడిగిన వేరును గుడ్డ ఎలుక మీద రుద్ది వేరును పారవేస్తే చాలు. మొక్కలో విషగుణము కొంత ఉన్నది గనుక పిల్లి దానిని నమలకుండ చూడవలె, పిల్లలు చేతులు కడుగుకోవలె.

నిర్మల్ పట్టణపు కొయ్యబొమ్మలు పునికి చెక్కతో చేసి రంగులు దిద్దినవి. వాటి అందమునకు సాటి లేదు. కాని అవి అద్దాల బీరువాలో నిలిచేందుకు పుట్టినవి. పిల్లి బొమ్మ చినిగిపోయేందుకు పుట్టినది. దానికి రంగు పూయడము, మెరుపు అద్దడము అనవసరమే కాదు, అపాయము కూడ. ఏది పూసినా అది తుదకు పిల్లి నాలుక మీదికే చేరుతుంది.

నాలుక అన్న మాట వచ్చింది గనుక దారము సంగతి చెప్పక తప్పదు. పిల్లి నాలుకను చేతితో తాకినవారికి అది ఆకురాయి వలె గరుకుగా ఉండడము తెలుసు. దాని మీద చిన్న చిన్న ముళ్లు ఉన్నాయి, అన్నీ గొంతు వైపు వంగి. ఎముక మీది మాంసమును గీకుటకు, వెంట్రుకలు దువ్వుకొనుటకు ఆ ఏర్పాటు. కాని నాలుకకు దారము తగిలితే ఆ ముళ్లు దానిని వెనుకకే తోస్తాయి. ఉమ్మివేయడము పిల్లికి సాధ్యము కాదు. దారము మూరలకొలది లోపలికి పోతుంది. ఒక కొస నాలుక మొదట్లోనో, జీర్ణకోశము వద్దనో చిక్కుకొని, రెండవ కొస ప్రేగులలో ముందుకు సాగుతుంది. అప్పుడు ప్రేగు ఏమవుతుందో చూడవలెనంటే లాగు నాడాను గుర్తు చేసుకోవలె: నాడా బిగిస్తే బట్ట కుచ్చులు పడినట్లు ప్రేగు దారము మీద ముడుచుకొని కుచ్చులు పడుతుంది. ప్రేగు కదలిన కొద్దీ బిగిసిన దారము రంపము వలె దాని గోడను కోస్తుంది. వాంతులు, తిండి మానడము, మూల చేరి ముడుచుకొని పడుకొనడము దీని గుర్తులు. శస్త్రచికిత్స లేక బ్రతకడము అరుదు.

కుట్టుమిషను దగ్గర పడిన పోగు, దేవుని పటము నుండి తీసిన వాడిన పూలదండ దారము, జడలోని మల్లెమాల దారము, పొట్లము విప్పిన పురికొస, రబ్బరు పట్టీ, పండుగ అలంకారపు చమ్కీ తోరణము — మన ఇండ్లలో పిల్లికి మృత్యువు ఈ రూపములలో నేల మీద పడి ఉంటున్నది. పూలదండ దారము మరీ చెడ్డది, పూల వాసనతో పాటు తడి కూడ ఉండి నాకబుద్ధి పుట్టిస్తుంది. సూదితో కూడిన దారము గురించి చెప్పనక్కరలేదు. సంక్రాంతి పిమ్మట చెట్లకు, దండెములకు వ్రేలాడే గాలిపటపు మాంజా పిల్లికి, పక్షికి, మనిషికి కూడ శత్రువే. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతట నిషేధించినా అది ఇంకను చెట్ల మీద కనిపిస్తూనే ఉన్నది.

పిల్లి నోటి నుండి గాని వెనుక నుండి గాని దారపు కొస వ్రేలాడుతూ కనిపిస్తే చాలామంది చేసే మొదటి పని పట్టి లాగడము. అదే చేయరాని పని. లోపల బిగిసి ఉన్న దారమును లాగితే ప్రేగు తెగుతుంది. కొసను అట్లే వదలి, తిండి పెట్టక, ఆ క్షణముననే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవలె. మరునాడు చూద్దామనుకొన్న ఇండ్లలో మరునాటికి పిల్లి ఉండకపోవచ్చు.

అయితే కట్టెకు కట్టి ఆడించే బొమ్మ వద్దా అంటే, అది ఆటలలో ఉత్తమమైనది గనుక వద్దనలేము. ఎక్సెటరు వారు ఆడించినదీ అట్టిదే, కట్టె కొసన ఈకలు. రెండు మూరల వెదురు పుల్ల తీసుకొని, దారమునకు బదులు రెండు వ్రేళ్ల వెడల్పున అంచులు మడిచి కుట్టిన పాత చీర పేలికను కట్టవలె. పేలిక కొసకు కడిగి ఎండబెట్టిన కోడి ఈకలు రెండు గట్టిగా కుట్టవలె. మనిషి చేతిలో ఉన్నంతసేపే అది బొమ్మ.

ఆడించడములో కూడ ఒక నేర్పు ఉన్నది. ఈకను పిల్లి ముఖము మీదికి తేవడము తెలియనివారి పని. ఏ ఎలుకయు పిల్లికి ఎదురు వచ్చి నోటిలో పడదు. ఈక పిల్లికి దూరముగా పోవలె, తలుపు చాటుకు పోవలె, అక్కడ ఒక్క క్షణము ఆగి వణకవలె. చాటున మాయమైన కొసయే పిల్లిని ఎక్కువగా రేపుతుంది. రెండు మూడు మార్లు తప్పించుకొన్న పిమ్మట పట్టుబడనీయవలె. గోడ మీద దీపపు చుక్కను త్రిప్పి ఆడించేవారు ఈ చివరి మెట్టును మరచిపోతారు. వెలుగు చుక్క ఎంతకూ పంజాకు చిక్కదు, పిల్లి అలజడితోనే ఆట ముగిస్తుంది. చేతి వ్రేళ్లతో ఆడించడము అసలే పనికిరాదు. కూనగా ఉన్నప్పుడు ముద్దు అనిపించిన కాటును పెద్దదైన పిమ్మట మాన్పించడము కష్టము.

వేళ విషయములో ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయములో జరిగిన పరీక్షలు ఉపకరిస్తాయి. ఆకలిగొన్న పిల్లి ఎక్కువగా ఆడుతుందని, పెద్ద బొమ్మకు కూడ జంకదని 1998లో తేలింది. కాబట్టి ముందు ఆట, వెంటనే కూడు. వేట తరువాత భోజనము దాని సహజమైన వరుస. ఒకే బొమ్మను వెంట వెంట మూడు మార్లు చూపిస్తే పిల్లికి మొగము మొత్తుతుందని, కొద్ది నిమిషములు ఆగి వేరొక బొమ్మ తెస్తే రెట్టింపు ఉత్సాహముతో దూకుతుందని 2002లో తేలింది. కొన్న బొమ్మ మూలపడిందని చింతించేవారు దీనిని గమనించవలె. బొమ్మలన్నీ ఒక్కసారి నేల మీద పరచక రెండేసి చొప్పున మార్చి మార్చి ఇస్తే, నాలుగు దినముల తరువాత అదే మక్కబెండు మరల క్రొత్త ఎలుక అవుతుంది.

చిన్నయసూరి నీతిచంద్రికలో గ్రుడ్డి గ్రద్దను మోసగించిన దీర్ఘకర్ణుని చదివిన విద్యార్థికి పిల్లి అంటే కపటి అనే మాట మనసున పడుతుంది. ఎదురు వస్తే అపశకునమని ఇంటిలో వింటాడు. ఆ విద్యార్థి చేత పనివిద్య గంటలో ఒక కాగితపు ఉండ, ఒక గుడ్డ ఎలుక, ఒక ఆకుపొట్లము చేయించి, ఇంటి పిల్లి ముందర ఉంచి ఏది ముందు తాకింది, ఎంతసేపు ఆడింది, ఎప్పుడు విడిచింది అని వ్రాసి తెమ్మనవచ్చు. గడియారము చూచి వ్రాసిన పది వాక్యములు పిల్లిని గురించి వల్లించిన వ్యాసముకన్న మేలుగా ఉంటాయి. తరగతిలో సగము మంది వ్రాతలు ఒకదానికొకటి పొసగవు. ఒక పిల్లి ఉండను మెచ్చుతుంది, ఒకటి పెట్టెను విడువదు, ఒకటి దేనినీ తాకక కిటికీలో కూర్చుంటుంది. ఆ మూడవ పిల్లిని గురించి వ్రాసిన విద్యార్థికి మార్కులు తగ్గించరాదు.

సాయంకాలము దీపము పెట్టే వేళ పిల్లికి చురుకుదనము వస్తుంది. ఆ వేళ పది నిమిషములు ఆడించి, ఈకను పట్టుకోనిచ్చి, గిన్నెలో అన్నము, చేప పెట్టి, పేలిక కట్టిన వెదురు పుల్లను తలుపు గల అలమారలో పెట్టి గడియ వేయవలె. పేలికను వారమునకొకసారి చూచి, అంచు విడి పోగులు లేస్తే మార్చవలె. మక్కబెండును మాత్రము రాత్రంతా వాకిట్లోనే వదలవచ్చు.